మస్ట్

నయీంనగర్ల జిరాక్సు షాపు మీద మూడో అంతస్తు.
పొద్దుమూకి ఆరున్నర. ఫ్యాను ఒకటి, మేము పదకొండు మందిమి.
ఇమ్మానుయేలు సారు ఫాతిమానగర్ నుంచి స్కూటరు మీద వస్తడు.
సుద్దముక్కతోటి బోర్డు మీద ఒక్క మాట రాసిండు: మస్ట్.
తప్పనిసరి అన్నట్టు, రాసుకోండ్రి.
కట్టాలె, పోవాలె, చేసి తీరాలె.
రాసుకున్న.

తెల్లారి బోర్డు తుడిచి
అదే మాటను ఇంకోతీరుగ తెచ్చిండు:
యూ మస్ట్ బీ టైర్డ్.
బానోతు జగ్రాం లేచి అర్థం చెప్పిండు,
నువ్వు అలసిపోయి తీరాలె!
క్లాసంత నవ్వింది.
పొద్దంత పార్సిళ్లు మోసొచ్చిన పిలగాడు
ఆ హుకుం ఎప్పుడో పాటించిండు.

అది ఆర్డరు గాదురా, మర్యాద, అన్నడు సారు.
ఎదుటి మనిషిని అడుగకుంట
తెలిసినట్టు మెత్తగ అనుడు.
అలసి ఉంటరు. ఆకలైతుండొచ్చు. మీరు ఫలానా గావచ్చు.

నేను నోటుబుక్కు మూసిన.
ఆ మెత్తదనం నాకు ఎరుకే.

పోయిన మాఘమాసంల కొత్తవాడకు, మా షెడ్డుకు
ఒక మేడం వచ్చింది. మెడల కెమెరా.
మగ్గం మీద జంపఖానా సగం ఎక్కింది,
నీలం మీద ఇటుకరంగు మెట్లు.
పంజ నా చేతులనే ఉన్నది.
తలుపుకాడ మా ఆయన నిలవడ్డడు,
ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలెత్తే మనిషి,
తెగిన పోగుకు ముడేసుడు సుత రాదు,
ఆ పొద్దు మార్కెట్టు బందని ఇంటికాడున్నడు.
ఆమె ఆయనకు దండం పెట్టింది.
నా దిక్కు తిరిగి, నవ్వుకుంటనే,
యూ మస్ట్ బీ ద వీవర్స్ వైఫ్.

వెంటొచ్చిన పిలగాడు తెలుగుల చెప్పిండు.
యెస్ అన్న.

ఎందుకన్ననో ఇప్పటికీ తెగలే.
అసొంటి మాటల ఒక కుర్చీ ఏసి ఉంటది,
తుడిచి మరీ ఏస్తరు.
కూసునుడు అల్కగ.
నిలవడి ఉండాల్నంటే
ఏసినోళ్లను చిన్నబుచ్చాలె.
నా ముప్పై ఏండ్ల రెక్కలకు
మా ఆయన ఫోటో దిగిండు,
పంజను తలకిందులు పట్టుకొని.

జగ్రాంకు ఇంటర్వ్యూల ఒకాయన,
ఐ సపోజ్, కోటాల వచ్చి ఉంటవు, అన్నడట
గాజుగిలాసల మంచినీళ్లిచ్చినట్టు.
చార్‌బౌళి ఆఫ్రీన్‌కు పార్లరుల రోజూ ఒకామె చెప్తదట,
మీ నాయిన శానా స్ట్రిక్టు అయి ఉంటడు.
నాయిన మొకమే ఆ పిల్లకు యాదికి లేదు.
అవునంటదట. ఐబ్రోస్ చేస్తాంటే లొల్లెందుకని.

మన దిక్కు సుత ఉన్నది ఇది, లేదన.
తిని ఉంటడు, పోయి ఉంటడు,
నిన్నటి సంగతిని రేపటి మాటల పెట్టి అంటం.
కానీ మా అత్త గావచ్చు అన్నంక
జర ఆగుతది,
ఎదుటోళ్ల మొకం దిక్కు చూస్తది.

ఆఖరు వారం సారు యాక్చువల్లీ నేర్పిండు.
కాదు అనేటందుకు ముందుగాల ఇది పరువాలెనట,
జంపఖానా లెక్క.
మగ్గం మీద నెలరోజులు సదివిన,
పంజ దెబ్బకొక్క మాట:
యాక్చువల్లీ. ఐ. యామ్. ద. వీవర్.
మా ఆయనకు సుత నోటికొచ్చింది,
బస్తాల కాడ అంటున్నడట, హమాలీలు నవ్వుతున్నరట.

మొన్న ఇంకో ఇద్దరొచ్చిండ్రు.
పెద్దాయన మోకాళ్ల మీద కూసొని
అంచు మడతేసి ఎనుక దిక్కు చూసిండు.
శానాసేపు చూసిండు.
తలకాయ లేపకుంటనే అడిగిండు,
హూ మేడ్ దిస్?

అడిగిండు.

నా యాక్చువల్లీ నాలుక మీదనే ఉండె.
కాదనేటందుకు అక్కడేం లేకపాయె.
ఐ అనాల్నో, మీ అనాల్నో,
సారు ఇంకా ఆ పాఠంకాడికి రాలే.
మా ఆయన తలుపుకాడికెళ్లి పక్కకు జరిగిండు.

నేను, క్లాసుల లెక్క,
చెయ్యి లేపిన.