శ్రుతిపెట్టె

రువిలో మా బడి. మూడో తరగతి, ఆఖరి పీరియడు.
శ్రుతిపెట్టె పాడై నెల దాటింది.
ఆఫీసులో అడిగితే "వచ్చే టర్మ్ చూద్దాం" అన్నారు.

అందుకని, కిటికీ ఏసీ ఎక్కడ గుర్రుమంటే
అదే "స" అని చెప్పేశాను పిల్లలకి.
ముప్పైరెండు గొంతులు దాన్నే పట్టుకుని
మాయామాళవగౌళ మెట్లెక్కాయి.
హర్నూర్ "రి" దగ్గర జారుతూ,
ఫిదా ఊడిన పళ్ల సందులోంచి "స"ని ఈలగా ఊదుతూ,
వెనకబెంచీ జోయెల్ మాత్రం
ఉత్త పెదాలు కదుపుతూ.

ఎండలు ముదిరాక ఒకనాడు
ఏసీ కక్కిన నీళ్లు నా రిజిస్టరు మీద పడ్డాయి.
నిచ్చెనేసుకుని వచ్చాడు మెట్‌పల్లి రాజలింగం.
రెండు రోజులు పైనే,
మరమేకులు పళ్ల మధ్య పెట్టుకుని.

"సప్పుడు మొత్తం బందైంది మేడం,"
చేతులు తుడుచుకుంటూ అన్నాడు, గర్వంగా.

బందైంది.
పిల్లలు నోళ్లు తెరిచి
కిటికీకేసి చూస్తున్నారు.
నేనూ అటే చూస్తున్నాను, ఇరవయ్యేళ్ల సంగీతం చదివి.

నిచ్చెన మడుస్తున్నవాడు ఆగి
మా మొహాలు చూసి
"గిదేనా?" అని
నోరు మూసుకునే, గొంతు అడుగు నుంచి తీశాడు.

అదే.
జోయెల్ అందుకున్నాడు,
కాస్త పైకి.
దిద్దలేదు నేను.