థ పొట్టలో చుక్క

కాన్వెంటు నుంచి చిన్న సిస్టరు చీటీ తెచ్చింది.
పేరు. పుట్టిన తేదీ.
మాటపట్టు ఇచ్చిన తేదీ. పోయిన తేదీ.
అందరికీ ఇవే నాలుగు వరుసలన్నా,
ఎక్కువ చెక్కొద్దు, మా నియమం, అనింది.
రెండడుగుల నల్లబండ, పాలీషు ఒకపక్కే చాలంట.
మిషన్ ఆపి, చేతులు తుడుచుకోని
చీటీ చదివినా.
ఆ చదవడం కూడా ఆమె పెట్టిందే.

యర్రగుంట్లకు ఆమె వచ్చినప్పుడు తెలుగు రాదు.
వానల ఊరు ఆమెది, కేరళలో యాడనో.
పెద్ద గొడుగొకటి తెచ్చుకునింది,
మా ఊర్లో దానికి ఎండ తప్ప పని ల్యాకపాయె.
మొదటి దినం ఒకటో తరగతి ముందర నిలబడి
రైల్లో నేర్చుకోని వచ్చిన మాట ఒకటి అనింది:
"రాయి."

మేం గనుల్లో బిడ్డలం.
లేచిపోయి తలా ఒక రాయి తెచ్చి
ఆమె బల్లమింద పెట్టినాం.
జోజప్ప మోయలేక ఒక బండను
గడపదాకా దొర్లించుకోని వచ్చి రొప్పుతా నిలబడె.
ఆమె రాళ్లను చూసింది, మమ్మల్ని చూసింది,
ముసుగు అంచు నోట్లో కుక్కుకోని
కండ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.
పలకలు కొనలేనోళ్లకు
ఆ యేడాదంతా అవే పలకలు.

దేవత అని చెప్పను.
కొట్టేది.
సుద్దముక్క తింటాంటే నన్ను పట్టుకోని
అరచేత రెండిచ్చింది.
మధ్యాన్నం వంటింటి ఎనకకు పిల్చి
ఉడికిన గుడ్డు చేతిలో పెట్టింది,
అది కూడా కోపంగానే.

మా నాయన గనికి తీసకపోయినప్పుడు
గని గట్టుమీదికొచ్చి నిలబడింది, గొడుగేసుకోని.
"పక్కీరప్పను పంపు" అనింది.
"పంపితే కూలెవరిస్తారు తల్లీ?" అన్యాడు నాయన.
దానికి ఆమె కాడ జవాబు లేదు.
జవాబు లేకనే మూడు దినాలు వచ్చింది,
సుత్తి దెబ్బల నడమ ఊరికే నిలబడింది.
నాలుగో పొద్దు నాయన
నా వీపుమింద దుమ్ము దులిపి, పో, అన్యాడు.

సుంకులమ్మ కోసరం కూడా అట్లే పోయింది,
పెండ్లింటి దాకా.
ఆడ ఆ నిలబడడం పనిచేయలేదు.
హాజరు పట్టీలో ఆ పేరు కొట్టేయలేదు ఆమె,
పరీక్షలయ్యేదాకా పొద్దున పొద్దున పిలిచేది,
పిలిచి,
కిటికీ బయట సిమెంటు లారీ పోయేంత సేపు ఆగి,
తర్వాత పేరుకు పోయేది.

ముసలితనంలో సొంత దేశానికి పంపిరి.
నెలకే తిరిగొచ్చింది.
ఏం సిస్టర్ అంటే,
"వాన చప్పుడుకు నిద్ర పట్టలేదురా" అనింది.
మోకాళ్లు పోయినాక వసారాలో కూర్చోని
వంటమ్మ మనవరాలికి గుణింతాలు దిద్దించేది.
నేను బండ్లో పోతా హారన్ కొడితే
తల ఎత్తకుండా చెయ్యి ఎత్తేది.

ఇప్పుడు అందరూ కంప్యూటర్ మిషన్ మింద
అక్షరాలు కోయిస్తారు. నిమిషం పని.
నేను ఉలి తీసుకున్యా.
సిస్టర్ థెక్ల.
ఆరక్షరాలు గూడ లేవు,
సాయంత్రం దాకా పట్టింది.

నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, దూరం జరిగి చూస్తే
ధెక్ల.

ఒకటో తరగతంతా నేను ఆమె పేరు ఇట్లే రాసినా.
"థ పొట్టలో చుక్క యాడరా?
ఆకలితో ఉంది చూడు పాపం" అని
నా చేతిలో బలపం తీసుకోని
తనే పెట్టేది, దినామూ.
కావాలనే మరిచేవాణ్నేమో కొన్నాళ్లు,
ఆ చెయ్యి నా చేతి మీదుగా పోతుందని.

రాతిమీద తుడపడానికి కాదు.
చేర్చడానికి మాత్రం అవుతుంది.

చిన్న ఉలి వెతికినా.
లైటు దగ్గరికి లాగినా.
ఎవురూ చెయ్యి చాపలేదు.
నేనే,
ఒక్క దెబ్బ.