పన్నెండు తానుల బల్ల

వూచ్ నగరంలో నవంబరు నెల
నాలుక్కే దీపం వేయించుకుంటుంది.
ట్రామ్ దిగి, చక్రాల సంచిలో కంప్యూటర్‌ని
దుప్పటి చుట్టి లాక్కుంటూ
నా రిపేరు దుకాణానికి వచ్చింది హాల్ష్కా గారు.
అరవై ఎనిమిదేళ్లు.
గోళ్ల మొదళ్లలో ఏ సబ్బుకీ లొంగని నీలం.

"సంతవీధి మలుపులో నా గుర్రం ఆగిపోతోంది"
అంది, డాక్టరుకి నొప్పి చోటు చూపించినట్టు.
"ఒక్క క్షణం ఆగుతుంది. రెండడుగులు వేస్తుంది.
మళ్లీ కొయ్యగుర్రం."

తెరిచి చూశాను.
ఆట ఒకటే. దాని మీద మాడ్‌లు రెండువందల పద్నాలుగు.
కోట బురుజు మీది జెండా నించి
బిచ్చగాడి చిరుగు కోటు దాకా
ఆ రాజ్యంలో గుడ్డన్నది ప్రతీదీ
ఈవిడే మళ్లీ అద్దింది.
ఒక్కో గుడ్డా నాలుగువేల చుక్కల పన్నా.

"పదహారు ఉన్న ర్యామ్‌ని ముప్పైరెండు చేయించాను.
కూలిపోవడం ఆగింది.
ఈ ఆగడం మాత్రం ఆగలేదు."

"అది వేరే జ్ఞాపకమండీ," అన్నాను,
"గ్రాఫిక్స్ కార్డుకి తనదంటూ ఒకటుంటుంది,
మీ దాంట్లో ఎనిమిది గిగాబైట్లే,
అది నిండిందంటే..."

చెయ్యెత్తి ఆపింది.

"మా మిల్లులో గోడౌను మూడంతస్తులు.
అద్దకం బల్ల మీద పట్టేవి పన్నెండు తానులు.
పదమూడోది కావాలంటే
ఒకటి మడిచి పైకి పంపాలి, ఒకటి దించాలి.
మధ్యన ఉన్నది ఒక్కటే లిఫ్టు.
దాన్ని నడిపే ప్షెమ్‌కో గారికి
తొందర అనే మాట ఎవరూ నేర్పలేదు.
అంతసేపూ తొట్లో రంగు ఉడికేది.
మేం చేతులు కట్టుకుని ఆవిరి చూసేవాళ్లం.
ఓసారి గోడౌనుకి నాలుగో అంతస్తు లేపారు.
డైరెక్టరు వచ్చి రిబ్బను కోశాడు, కేకు పంచారు.
బల్ల అంతే ఉంది."

నేను చెప్పాల్సింది ఇంకేం మిగల్లేదు.
తెర మూలన అంకె మాత్రం వెలుగుతోంది,
ఎనిమిదికి ఏడు పాయింట్ తొమ్మిది.

కుండలో కూడు కుండలోనే ఉండాలి,
పిల్లాడు దుడ్డులా ఉండాలి అనే రకం కాదావిడ.
కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ జరుపుకుని
కోత మొదలుపెట్టింది.
"కొండా? కొండని ఎవరు గిల్లి చూస్తారు, తగ్గించు.
జెండాలు తగ్గించు, గాలికి ఊగేదానికి పోగులెందుకు?
రాజుగారి శాలువా... ఆయన కనపడేది ఒక్కసారి,
అదీ చీకట్లో. సగం చెయ్."
"పన్నా సగమైతే చోటు నాలుగోవంతే..."
"గుడ్డ కొలిచి బతికాను బాబూ, నాకు చెప్తావా."

నూట తొంభై దాకా వచ్చాక
అట్టడుగున ఒక ఏప్రన్.
సంతవీధి మూల ఉల్లిపాయలమ్మే మనిషిది.
ఆటలో ఆమెకి పేరు లేదు, ఒక్క మాటా లేదు.
నా వేలు మౌస్ మీద పడేలోపే
"దాన్ని ముట్టుకోకు."

దగ్గరికి లాగి చూశాను.
నూలు పోగు మీద పోగు లెక్కపెట్టొచ్చు.
జేబు అంచున వేరే నీలంతో వేసిన రఫ్ఫు,
కుట్టు ఎడమచేతి వాటం.
నేనడగలేదు.
ఆవిడ కళ్లజోడు మళ్లీ తుడుచుకుంది.

ఆట నడిపించాం.
అంకె ఆరున్నర దగ్గర స్థిరపడింది.
కొండ కాస్త మసక, జెండా కాస్త మొద్దు,
గుర్రం మాత్రం నూనె పోసినట్టు
వంతెన దాటి, కమ్మరి కొట్టు దాటి
సంతవీధి మలుపు తిరిగింది.

తిరిగి, ఉల్లిపాయల బుట్ట ముందు ఆగింది.

"అయ్యో, ఇంకా..." అంటూ అంకె కేసి చూశాను.
ఫ్రేములు అరవై, చెక్కు చెదరలేదు.
కళ్లెం మీద ఉన్నది ఆవిడ వేలే.

బయట ట్రామ్ ఒకటి వెళ్లిపోయింది.
తర్వాతది కూడా.