తరుగు

ముప్పయ్యొక్క ఏళ్లు
ద్రాక్షారం రోడ్డు మిల్లులో కాటా దగ్గర కూర్చున్నాను.
బస్తా పడ్డ చప్పుడుకే తూకం చెప్పేవాణ్ణి,
ముల్లు నా తర్వాత చెప్పేది.
తేమ ఉందంటే బస్తాకి రెండు కేజీలు తరుగు.
రైతు మొహం చూసేవాణ్ణి కాదు,
చీటీ చూసేవాణ్ణి.

మొన్న వైశాఖంలో, కాలవలు కట్టేసిన వారం,
ఎస్తేరురాణి సిస్టరు నా వేలు పొడిచి
ఒక్క బొట్టు తూచింది.
పరగడుపున రెండొందల పన్నెండు.
బొట్టుకి ఇంత బరువేంటమ్మా అన్నాను.
నవ్వలేదావిడ.
మందుల చీటీ వెనక కంచం గీసింది,
నిలువునా ఓ గీత, అడ్డంగా అరగీత.
సగం కూర.
పావు పప్పో, చేపో, గుడ్డో.
మిగిలిన పావు అన్నానికి.
"తరుగు ఎక్కువ తీశారమ్మా" అన్నాను.
అని ఆగిపోయాను.
అది ఎప్పుడూ కాటాకి అవతల నించున్నవాళ్ల మాట.

మా ఇంట్లో అన్నమంటే కుప్ప.
కూర దాని పక్కన కాపలా మనిషి.
మా వరహాలు చీటీని పొయ్యి పక్క గోడకి అంటించి
గరిటె మార్చేసింది.
ఆనపకాయ, బీరపొట్టు పచ్చడి,
కాలవగట్టు తోటకూరతో పులుసు.
బెల్లంముక్క లేని పులుసేంటే అంటే
"పుల్లగా ఉండేదే పులుసు, తిను" అంది.

వీధి అంతా వైద్యులే.
కాకరరసం తాగమని ఒకడు,
చపాతీలైతే ఎన్నైనా పర్లేదని ఇంకొకడు,
రాగిజావ చెంబుడు లాగించమని మా బావమరిది.
సిస్టరు దగ్గరికెళ్లి అడిగితే
"మంచివే. కానీ రాగైనా గోధుమైనా గింజే కదా,
ఆ పావులోనే తూచుకో" అంది.

నేనూరుకుంటానా.
లెక్క ఒక్క రోజులో తేల్చేద్దామని
తిండి మొత్తం మానేసి
మాత్ర మాత్రం మింగి మిల్లుకెళ్లాను.
పదకొండింటికి కాటా ముల్లు వణికింది.
ముల్లు కాదు, నేను.
చొక్కా తడిసిపోయింది,
చీటీలో అంకెలు చేపపిల్లల్లా ఈదాయి.
హమాలీ తాతారావు టీకొట్టుకి పరిగెత్తి
నీళ్లలో పంచదార కలిపి తాగించాడు.
పగదనుకున్న తీపే
చెయ్యి పట్టుకుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"సున్నా చెయ్యమన్నానా?
సమంగా చెయ్యమన్నాను" అని కసిరింది సిస్టరు.
"మా నాన్న లాకు దగ్గర లస్కరు.
తలుపులు బార్లా తీస్తే చేలు మునుగుతాయి,
బిగించేస్తే చివరి ఎకరం ఎండుతుంది.
రోజూ, వేళకి, కొంచెం కొంచెం.
ఒంట్లో లస్కరు ముసలాడయ్యాడు,
ఇక ఆ పని నీది."

ఆ సాయంత్రం పాలిష్ మిషను దగ్గర నించున్నాను.
ఒక గొట్టంలోంచి మల్లెమొగ్గల్లాంటి బియ్యం,
రెండో దాంట్లోంచి తవుడు.
తవుడు నూనెమిల్లుకి, గేదెల కుడితికి.
బలమంతా గేదెలకి పంపి
తెలుపు తిన్నాన్నేను.
గింజ మీద కూడా
నేను తీసిన తరుగే అది.

ఇప్పుడు ఒంటిపట్టు బియ్యం తెచ్చుకుంటున్నాను.
నమలాలి. నమిలితే టైం పడుతుంది,
టైం పడితే కడుపు నిండినట్టు కబురొస్తుంది,
ఇన్నేళ్లూ ఆ కబురు అందేలోపే
మూడోసారి వడ్డించుకునేవాణ్ణి.
రాత్రి తిన్నాక గట్టు మీద
రెండో తూము దాకా నడక.
చెప్పుల్లేకుండా వెళ్తే వరహాలు వెనక్కి పిలుస్తుంది,
కాలి వేళ్లు రోజూ చూస్తుంది, చేపని ఎంచినట్టు.

ఆదివారం చక్కెరకేళి సగం నాకు, సగం ఆవిడకి.
తొక్క వలిచేది నేను, విరిచేది ఆవిడ.
నా సగం ఎప్పుడూ చిన్నదే.

నిన్న పరగడుపున నూట ముప్పయ్యెనిమిది.
ముల్లింకా ఊగుతోంది.

ఇవాళ కూళ్ల నుంచొచ్చిన ఒకతను
"తరుగు ఎక్కువ రాశారండీ" అన్నాడు.
చీటీ పక్కన పెట్టి
బస్తా మళ్లీ ఎక్కించమన్నాను.