కోర్దోబాలో ఒక్క పగలు

జాలారిపేటలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు,
మా పెదనాన్న అర్జిల్లి దానయ్య
ఓడ కాదిజ్ రేవులో మరమ్మతుకి ఆగిన రోజు
చీకటితో రైలెక్కి కోర్దోబా చూసొచ్చాడని.

రాతిస్తంభాల అడవి, అనేవాడు.
ఎర్రచార, తెల్లచార, తోరణం మీద తోరణం,
మసీదు కడుపులో చర్చి.
ఎన్ని స్తంభాలు పెదనాన్నా అంటే
నా చిన్నప్పుడు ఆరొందలు.
నా పెళ్ళినాటికి తొమ్మిదొందలు.
మొన్న వల బాగుచేస్తూ వెయ్యి దాటించాడు.

గోడకి పోస్టుకార్డు. ఉప్పుగాలికి
తోరణాల ఎరుపు ఎప్పుడో రొయ్యపొట్టు రంగైపోయింది.

ఈ ఆదివారం ఊరు చూపిస్తానన్నాను.
"ఏ ఊరే?"
"మన ఊరే."
నవ్వాడు. ఇస్త్రీ చొక్కా మాత్రం తొడుక్కున్నాడు.

వన్ టౌన్‌లో ఆటో దిగాం.
రేవులోకొచ్చే ప్రతి ఓడకీ కనబడే మూడు కొండలు:
మేరీమాత, మదీనా బాబా, వెంకన్న.
ముప్ఫై ఏళ్ళు డెక్కు మీంచి మూడింటికీ దండం పెట్టినవాడు
ఒక్కటీ ఎక్కలేదట.
"ఓడ మీంచి దగ్గిరే కదేటి."

రాస్ హిల్ మెట్ల మీద మోకాలు మొండికేసింది.
సగంలో కూలబడ్డాం. కింద క్రేన్లు,
ఖనిజం ధూళికి ఎర్రబారిన డాబాలు.
సంచిలోంచి కమలాపండు వొలిచి ఇచ్చాను.
తొన నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలలేదు.

"నాను లోపలికి ఎల్లలేదే, అమ్మీ."

ఎక్కడికో నాకు తెలియడానికి
ఒక టగ్గుబోటు దాటేంతసేపు పట్టింది.

"జేబులో ఉన్నది మీ నాన్న వల డబ్బులు.
రైలుకే అందులో సెయ్యెట్టేను.
టిక్కెట్టు కాడ మళ్ళీ పెట్టబుద్ధి కాలేదు.
ముంగిట్లో నారింజ సెట్లు, వాటికి డబ్బుల్లేవు,
ఆటి కిందే కూకున్నాను బండి టైము దాకా.
రాలిన కాయ కొరికితే సేదు! యిసం!
ఊరు నిండా కాయలు, ఒక్కడూ కొయ్యడేటనుకున్నాను."

మరి స్తంభాలు?

"కార్డులో పంతొమ్మిది.
మిగతాయి మీరడిగినప్పుడల్లా
ఒకటొకటే నిలబెట్టేను."

ఆ వల నాకు గుర్తే. నీలం వల.
చిరిగాక దాని మీద అమ్మ నెత్తళ్ళు ఎండబెట్టేది.
ఇంకా చిరిగాక పెరట్లో బీరపాదు ఎక్కింది.

ఏమనాలో తెలీక తొక్కలు ఏరుతున్నాను.
ఆయనే లేచాడు, నా భుజం పట్టుకుని.
"ఇక్కడ టిక్కెట్టు లేదు కదా?"
"లేదు."

చర్చి గుమ్మంలో చెప్పులు విప్పి
తలెత్తి అలాగే నిలబడ్డాడు. పెదాలు కదిలాయి,
ప్రార్థనేమో అనుకున్నాను.

బయటికొచ్చి, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ
"స్తంభాలు తక్కువే" అన్నాడు.