వగైరా

పాస్‌వర్డు మూడోసారీ చెల్లదంది కంప్యూటరు.
ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలట.
వకాల్తా మీద కూడా ఇన్ని అడగరు.

కందుకూరు కోర్టెదురు, జిరాక్సు షాపు మేడమీద
మధ్యాహ్నం మూడు.
సీనియర్ గారు కావలిలో వాయిదాకి పోయారు.
సోమవారం అప్పీలు. ఆ లోపల
సైటేషన్లన్నీ ఒక గూట్లోకి చేరాలి.
నేను బ్రౌజరుకి ప్లగిన్ తగిలిస్తుంటే
గుమాస్తా మాలకొండయ్య వెనక నిలబడి చూస్తున్నాడు,
కొత్త కోడలు పొయ్యి ముట్టించడం చూసే అత్తలాగా.

జిల్లా ఎంచుకోమంది.
"నేను పుట్టింది నెల్లూరు జిల్లా.
బళ్ళో చేరేసరికి ఒంగోలన్నారు.
మొన్న మళ్ళా నెల్లూరన్నారు. ఇంకా మారుస్తారంట.
ఇల్లు కదల్లేదమ్మా, జిల్లాలే తిరుగుతుండాయి."
జాబితాలో మేమింకా ప్రకాశంలోనే ఉన్నాం.
సరే, తీర్పు నాటికి అదే నిజం, వదిలేశాం.

తెర మూలన చిన్న బొమ్మ మొలిచింది.
దాన్ని నొక్కితే
తెరిచి ఉన్న తీర్పు తనంతట తనే వచ్చి పడాలి,
పేరు, కోర్టు, సంవత్సరం, పేజీతో సహా.
మొదటిది పడింది. సంవత్సరం: లేదు. రాసినవారు: అడ్మిన్.
"అడ్మినా? ఏ బెంచి?" అన్నాడాయన.
నవ్వాను. ఆయన నవ్వలేదు,
స్టీలు బీరువాలోంచి వాల్యూము దించి
పాత బస్సు టికెట్టు అడ్డంపెట్టిన పేజీ తెరిచాడు.
ఆయన చదువుతుంటే నేను కొట్టాను.
ఇలాగే పదకొండు.

పన్నెండోది సక్రమంగా పడింది, ఒక్క తప్పు లేకుండా:
యర్రంశెట్టి రాఘవులు వర్సెస్ దారా కోటమ్మ వగైరా.
ఉలవపాడు పక్కన సరుగుడు తోటలు, ఇసక నేల,
పట్టా చెల్లదని తేల్చిన తీర్పు.
మా ఆఫీసుకి చేతికర్ర లాంటిది.

"ఆ వగైరాని ఇప్పొచ్చా పాపా?"

సెట్టింగుల్లో వెతికాను. ఒక టిక్కు తీసేస్తే
పధ్నాలుగు మంది బయటికొచ్చారు,
తలుపు తీసేదాకా వసారాలో నిలబడ్డట్టు.
ఆయన వేలు తెర మీద తొమ్మిదో పేరు దగ్గర ఆగింది.
"రమణమ్మ కాదు, రవణమ్మ. తీర్పులోనే తప్పు రాశారు.
మా అమ్మ."

ముప్పై ఏళ్ళుగా
ఆ తీర్పు ఎప్పుడు కావాలన్నా
నిచ్చెనేసుకుని వాల్యూము దించింది ఆయనే.
నాకేం అనాలో తెలీలేదు.
నోట్సు అనే గడి ఖాళీగా ఉంటే అందులో కొట్టాను:
తొమ్మిదో ప్రతివాది, రవణమ్మ.
"వేలిముద్ర అని కూడా రాయి,"
"ఎడమ చెయ్యి," అన్నాడు కాసేపాగి.
రాశాను. చక్రం తిరిగింది, ఎక్కడికో చేరింది.

పేర్లన్నీ ఉంచితే పేజీ చెదిరిపోయింది.
హైకోర్టు వాళ్ళు ఒప్పుకోరు కూడా.
టిక్కు మళ్ళీ పెట్టాను, ఆయన చూస్తుండగానే.
పధ్నాలుగు మందీ లోపలికెళ్ళిపోయారు.

ఆరింటికి ప్రింటరు ఆగింది.
కాగితాలు నాలుగువైపులా తట్టి సమానం చేసి,
దబ్బనంతో కట్టకి దారం గుచ్చాడు మాలకొండయ్య,
ఎప్పట్లాగే రెండు ముళ్ళు.
వెళ్తూ వెళ్తూ మెట్ల మీంచి అడిగాడు:
"కరెంటు పోయినా ఉంటదా అది?"