శివారు పద్దు

మార్చి ఇరవై ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర.
రాజోలు సబ్ డివిజను ఆఫీసులో
తాగిన బోండాం కుర్చీ కిందకి తోసి
సారు అడిగాడు:
"సత్యవేణమ్మా, ప్రచారం పద్దులో ఇంకా ఎంతుంది?"

రెండు లక్షల పద్నాలుగు వేల మూడొందల అరవై.

కాగితం చూడక్కర్లేదు నాకు.
ఏడాదిగా తెలిసిన అంకె అది,
ఎవరో బీరువా పక్కన మరిచిపోయిన గొడుగులాగ.

"ముప్పై ఒకటి దాటితే మురిగిపోద్ది.
మురిగితే పైయేడు కోత పెడతారు.
జనానికి ఏదోటి చెప్పండమ్మా."

ఏం చెప్పమంటారు సార్?

"ఏదోటి."

మా నాన్న లాకుల మీద లస్కరు.
ఏడాదంతా శివారు చేలకి చుక్క దిగదు,
కాలువ కట్టేసే ముందు మూడ్రోజులు మాత్రం
గట్టు పొర్లి వస్తుంది నీరు,
పండి ఒరిగిన దాళ్వా వరి మీదకి.
ఆయన వాటిని లెక్క నీళ్ళు అనేవాడు.
చేను తాగేవి కావు, పుస్తకం తాగేవి.

ఫ్లెక్సీల వీరభద్రం గంటలో వచ్చాడు,
మూడు షాపుల పేరన మూడు కొటేషన్లతో.
మూడింటిలోనూ ఫ్లెక్సీకి దీర్ఘం ఒకే చోట ఎగిరిపోయింది.
"వరద వేళ అప్రమత్తంగా ఉండండి" అని రాయించాం.
కంప్యూటర్లో దొరికిన వరద బొమ్మ పెట్టాడు:
ఏ దేశపు ఏరో, ఒడ్డున ఒక్క కొబ్బరిచెట్టు లేదు.
అంకె నిండేదాకా ఫ్లెక్సీలు పెంచాం.
ఇంకా మిగిలితే కీచైన్లు.
అరవై రూపాయలకి ఏం వస్తాయంటే
పెన్నులు వస్తాయన్నాడు.
ఆ తొందరలో సహాయ కేంద్రం నంబరులో
ఒక అంకె తక్కువ పడింది.
మేము చూడలేదు. ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.

కిందటి ఆగస్టులో
ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేసిన రాత్రి
నడిమిలంకలో కరెంటు లేదు, సెల్ టవరు లేదు.
నేలపూడి ఏసోబు టముకు తడిసి మూగబోతే
ఇంట్లోంచి సత్తు పళ్ళెం పట్టుకొచ్చి
గరిటెతో కొట్టుకుంటూ
మొలలోతు నీళ్ళలో నూట పన్నెండు గడపలు లేపాడు.
ఒక దూడ పోయింది. మనుషులెవరూ పోలేదు.
తరవాత ఆఫీసుకొచ్చి ఆరొందలు అడిగాడు.
"ఈ పద్దు కింద అవకాశం లేదు."
ఫైలు మీద ఆ రాత నాదే.
గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది నా రాత.

ఈసారి బిల్లులో, కీచైన్ల కింద
ఒక వరస ఇరికించి చూశాను:
టముకు కూలి, ఏసోబు, ఆరొందలు.
ట్రెజరీ నుంచి తిరిగొచ్చింది.
జీఎస్టీ నంబరు లేదట ఆయనకి.
ఆ ఆరొందలకీ కీచైన్లే కొన్నాం.

ఫ్లెక్సీలు కట్టడానికి వీరభద్రం పెట్టుకున్న కూలీల్లో
ఏసోబు కూడా ఉన్నాడు.
పురికొస పళ్ళతో తెంపుతూ అడిగాడు:
"ఏం రాశారండి దీంట్లో?"
వరదొస్తే జాగ్రత్తగా ఉండమని.
ఆయన గోదారి వైపు చూశాడు.
కనుచూపు మేర ఇసక. ఇసకలో పుచ్చపాదులు.
మధ్యలో ఎవరో సైకిలు నడిపించుకుపోతున్నాడు.
"ఇప్పుడాండీ?" అన్నాడు.
వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.
నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

ఏప్రిల్ తొమ్మిదిన అకాల వాన.
తెల్లారేసరికి స్తంభాల మీద ఒక్క ఫ్లెక్సీ లేదు.
రోడ్డు పొడుగూతా ధాన్యం రాశుల మీద
బోర్లా పడుకున్నాయి మా అప్రమత్తతలన్నీ,
వాన వీపున మోస్తూ.
సారు కారాపి చాలాసేపు చూశాడు, కేసు పెడదామా అన్నాడు,
మళ్ళీ ఆయనే వద్దులే అన్నాడు.

ఆ మధ్యాహ్నమే వినియోగ ధ్రువపత్రం టైపు చేశాను:
"నిధులు సంపూర్ణముగా సద్వినియోగమైనవి."
ఒక్క అక్షరం మార్చలేదు.

కొత్త ఏడు పద్దు వచ్చింది, పది శాతం పెరిగింది.
కొత్త పుస్తకానికి అట్ట వేసి
మొదటి పేజీ మొదటి వరసలో
ఆరొందలు అని రాసుకున్నాను.

పెన్సిలుతోనే రాశాను.